కంప్యూటర్ చేసిన పెళ్లి

షోలాపూర్‌లో మా దాజీ పేటలో కంప్యూటర్‌ను ఎవరూ చూడకముందే దాని మహిమలు మాత్రం అందరూ చెప్పేవారు. తప్పు చేయదట. లంచం తినదట. నిద్రపోదట. అన్నం అడగదట. ఈ చివరి మాట విన్నప్పుడే నాకు అనుమానం వచ్చింది. అన్నం తినని దానికి అన్నం పంచే పని ఎవడు అప్పజెప్పాడు?

అది తొంభై ఆరో సంవత్సరం. రేషన్ కార్డులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తామని, దొంగ కార్డులన్నీ ఏరి పారేస్తామని చెప్పారు. మా పేటలో దొంగ కార్డులు ఎవరి దగ్గరున్నాయో చంటిపిల్లలు కూడా చెప్పగలరు. ఆ పెద్దమనుషులకు చివరిదాకా ఏమీ కాలేదు, అది ముందే చెప్పేస్తున్నాను. అయ్యిందంతా మా గంగమ్మత్తకు అయ్యింది.

నేను బాలమణిని. బీడీలు చుడతాను. మా ఆయన రాజారాం పవర్‌లూమ్ మీద చద్దర్లు నేస్తాడు. అమ్మో, మొగుడి పేరు రాసేసింది అని ఎవరూ బుగ్గలు నొక్కుకోనక్కర్లేదు. నోటితో అనకూడదన్నదే మా వాళ్ల కట్టడి. రాయకూడదని ఎవరూ అనలేదు. మా అత్తగారికి చదువు రాదు గనక ఆమెకు ఆ సంగతి తోచలేదు. నేను షోలాపూర్ తెలుగు బడిలో ఏడు దాకా చదివాను గనక నాకు తోచింది.

మొగుడి పేరు నోటితో అంటే ఆయన ఆయుష్షు తగ్గుతుందని మా ఆడవాళ్ల నమ్మకం. కరువుకు తెలంగాణ వదిలి మగ్గాలు మోసుకొచ్చిన మా తాతలు ఈ బరువును కూడా విడవకుండా మోసుకొచ్చారు. అందుకే బడిలోనైనా, దవాఖానాలోనైనా, ఓట్ల దగ్గరైనా "మీ ఆయన పేరేమిటి?" అని ఎవరన్నా అడగగానే మేము పక్క మనిషి వైపు చూస్తాం. పక్క మనిషి చెబుతుంది. ఆమె మొగుడి పేరు మేము చెబుతాం. అలా ఒకరి మొగుళ్ల ఆయుష్షును ఒకరం కాపాడుతూ వస్తున్నాం. వాళ్లు మాత్రం తాగి తాగి దాన్ని స్వయంగా తగ్గించుకుంటారు.

గంగమ్మత్త నాకు సొంత అత్త కాదు. ఒకే వాడాలో, అంటే ఒకే లోగిలిలో ఉంటాం, నడుమ ఒక వాకిలి, నా గడపకు ఎదురుగా ఆమె గడప. పొట్టి మనిషి, పెద్ద గొంతు. పిల్లల్లేరు. మొగుడు పోయి పదేళ్లు దాటింది. ఆయన పోయాక కొన్నాళ్లు బావగారి కొడుకు పెంటప్ప ఇంట్లో తిన్నది. పెంటప్పది కూడా మా వాడానే, రెండు పవర్‌లూమ్‌లున్న ఆసామి. ఒకరోజు ఈమె భోజనానికి కూర్చుని ఉండగా పెంటప్ప ఎవరితోనో అంటున్నట్టు అన్నాడు:

"మా ఇంట్ల పనిజేసేటోళ్లు తక్కువ, కూసోని తినేటోళ్లు ఎక్కువైన్రు."

గంగమ్మత్త నోట్లో ముద్ద నోట్లోనే ఉంది. దాన్ని మింగలేదు. వాకిట్లోకి వెళ్లి ఉమ్మేసి, చెయ్యి కడుక్కుని, ఆ సాయంత్రానికల్లా తన గదిలో మూడు ఇటుకలు పేర్చి పొయ్యి పెట్టుకుంది. ఆ ఇంటి గింజ మళ్లీ ముట్టనని వాడా అంతా వినేలా చెప్పింది. రేషన్ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి, అక్కడి వాళ్ల తల ప్రాణం తోకకు తెచ్చి, తన ఒక్కదాని పేరున కార్డు సంపాదించింది. అప్పటి నుంచి తన బీడీలు, తన కార్డు, తన పొయ్యి. పెంటప్పతో మాట లేదు. ఆ కార్డుకు ప్లాస్టిక్ సంచి తొడిగి దేవుడి పటం వెనక పెట్టేది. దేవుడి కంటే దాన్నే ఎక్కువసార్లు తీసి చూసేదని నేను ప్రమాణం చేసి చెప్పగలను.

కార్డులు ఎక్కించడానికి కొంతం చౌక్ దగ్గరి బడిలో కంప్యూటర్ పెట్టారు. దానికి ఒక ఫ్యాన్, దానికి ఒక మేజా, దాని మీద కప్పడానికి ఒక గుడ్డ. మాకు ఎండ. దాని ముందు కూర్చున్న ఆపరేటర్ మనుషుల మొహం చూసేవాడు కాదు, దాని అద్దం వైపు చూస్తూనే ప్రశ్నలడిగేవాడు.

ఆడదాని పేరు పక్కన మొగుడి పేరు లేకపోతే కంప్యూటర్ ముందుకు కదలదట. గంగమ్మత్త పాత కార్డు మీద ఆమె పేరొక్కటే ఉంది, చేత్తో రాసింది. అంతకుముందున్న గుమాస్తాకు అది చాలింది. దీనికి చాలలేదు.

ఆ రోజు నేను కార్ఖానాలో బీడీలు అప్పజెప్పడానికి పోయాను. క్యూలో ఆమె ముందున్న ఆడవాళ్లంతా జోడ్‌భావి పేట్ వాళ్లు, వాళ్లకు ఆమె మొగుడెవరో తెలియదు. వెనక నిలబడ్డది ఎవరయ్యా అంటే, అదృష్టం చూడండి, పెంటప్ప! ఆపరేటర్ అద్దం వైపు చూస్తూ "నవరా కోణ్?" అన్నాడు. మొగుడెవరు అని. గంగమ్మత్త నోరు విప్పలేదు. పెంటప్పతో మాట్లాడదు గనక అడగలేదు కూడా. అడగకుండానే గడ్డం వెనక్కి ఎగరేసి, వాణ్ణి అడుగు అన్నట్టు చూపించింది. చిన్నాయన పేరు చెప్పకపోతాడా అని ఆమె ధీమా.

ఆపరేటర్ చెయ్యి ఆపకుండా పెంటప్పను "నావ్ సాంగా" అన్నాడు. పేరు చెప్పమని. పెంటప్ప ఆ ఎండలో నిలబడి నిలబడి, ఎప్పుడు తన వంతు వస్తుందా అని ఉన్నాడు. ఎవడో పేరడిగాడు. తన పేరు చెప్పాడు, తండ్రి పేరుతో సహా, ఛాతీ విరిచి మరీ.

తర్వాత నేను నిలదీస్తే ఏమన్నాడో తెలుసా?

"నావ్ సాంగా అన్నడు, చెప్పిన. నా పేరు చెప్పక వాని తాత పేరు చెప్తనా?"

కొత్త కార్డులు అంబాదాస్ దుకాణానికి వచ్చాయి. అంబాదాస్ మా రేషన్ దుకాణదారు. తూకంలో వేలు పెట్టే అలవాటు తప్పిస్తే మంచివాడే. గంగమ్మత్త, నేను కలిసి వెళ్లాం. ఆమె పేరున కార్డు లేదు. అంబాదాస్ కట్టంతా తిరగేసి, చివరికి పెంటప్ప కార్డు చేతిలోకి తీసుకుని చదివి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు.

"గంగవ్వా, నువ్వు ఇండ్ల ఉన్నవ్."

"అండ్ల ఎందుకుంట? వాని కార్డుల నాదేం పని?"

"కుటుంబ ప్రముఖ్, పెంటప్ప. బాయ్కో, చంద్రభాగ." బాయ్కో అంటే మరాఠీలో పెళ్లాం. అంబాదాస్‌కు నవ్వు ఆగడం లేదు. "ఇంకో బాయ్కో, గంగమ్మ."

ఇంటి నంబరు ఒకటే, మొగుడి పేరు ఒకటే. కంప్యూటర్ రెండు కార్డులను కలిపి ఒక్క సంసారం చేసేసింది. బ్రాహ్మడు లేడు, బాజా లేదు. అరవై దాటిన పిన్నిని కొడుకు వరసవాడికి కట్టబెట్టేసింది.

మా పేట గురించి మీకు తెలియదు. మగ్గాల చప్పుడులో ఒకరి మాట ఒకరికి వినబడదు గానీ ఇలాంటి మాట మాత్రం గోడలు దూకి పోతుంది. సాయంత్రానికి పెంటప్ప కొంతం చౌక్ దాటలేని పరిస్థితి. "పెంటన్నా, పెండ్లి బువ్వ ఎప్పుడు?" అని చాయ్ హోటల్లో ఒకడు. "ఏ బాయ్కో దగ్గర పంటవే?" అని ఇంకొకడు. పెంటప్ప భార్య చంద్రభాగ వాకిట్లో నిలబడి కంప్యూటర్‌ను, దాన్ని కన్నవాళ్లను, దాన్ని మోసుకొచ్చిన బండివాడిని వరసపెట్టి తిట్టింది. నేను బీడీ ఆకులు కత్తిరిస్తూ కడుపు పట్టుకుని నవ్వాను. వాడా అంతా నవ్వింది.

గంగమ్మత్త నవ్వలేదు.

ఎందుకు నవ్వలేదో నాకు ఒకటి రెండు వారాలకు గాని తలకెక్కలేదు. ఆమె వాటా జొన్నలు, బియ్యం, గోధుమలు, చక్కెర అన్నీ ఇప్పుడు పెంటప్ప సంచిలో పడుతున్నాయి. చంద్రభాగ దొంగది కాదు, ఉన్నమాట చెప్పాలి. లెక్కగా కొలిచి, పళ్లెంలో పోసి, తెచ్చి గంగమ్మత్త గడప మీద పెట్టింది. గంగమ్మత్త తలుపు తీయలేదు. పొద్దుగూకే వేళకు పిచ్చుకలు సగం తిన్నాక చంద్రభాగే తీసుకుపోయింది.

"నీ గింజలే గదా అత్తా. సర్కారు నీకిచ్చినయే గదా?" అన్నాను.

"వాని సంచిల కెల్లి వచ్చినయి, వాని గింజలే. నా కార్డు మీద వచ్చినయి నా గింజలు."

బజారులో జొన్నలు కొనడానికి బీడీల మీద వచ్చేది ఏ మూలకు సరిపోతుంది? ఆమె పొయ్యి పొద్దున ఒక్కసారి పొగ వేసేది. మళ్లీ వేసేది కాదు. పిడికెడు జొన్నపిండి నీళ్లలో కలిపి అంబలి అని పేరు పెట్టి తాగేది. అందులో నీళ్లెన్నో పిండెంతో కళ్లుంటే చాలు తెలుస్తుంది. ఒంట్లో సత్తువ లేక చేతులు వణికేవి. చేతులు వణికితే బీడీ బిగువుగా రాదు. కార్ఖానాలో ఏరి పక్కకు పడేసేవాళ్లు. నేను రొట్టెలు చేసి తీసుకుపోతే, "ఇప్పుడే తిన్న పిల్లా" అనేది. ఏం తిన్నదో గిన్నె చూపించమంటే కోపం వచ్చేది. నాకూ కోపం వచ్చేది. కోపం కాదు, భయం. ఈ ముసలిది ఆ తలుపు వెనకే ఒకరోజు పడిపోతుంది, మేము దాని పెళ్లి కథ చెప్పుకుని నవ్వుకుంటూ ఉంటాం అని భయం.

రేషన్ ఆఫీసుకు తీసుకుపోయాను. పెంటప్ప, చంద్రభాగ కూడా వచ్చారు, వాళ్ల పరువు వాళ్లది. అక్కడి సాహెబ్ అంతా విని, కార్డు అటు తిప్పి ఇటు తిప్పి, కంప్యూటర్ ముందున్న మనిషిని ఏదో అడిగి, మాతో మరాఠీలో చెప్పాడు. భార్యను కార్డులోంచి తీయడానికి కంప్యూటర్‌లో రెండే దారులున్నాయట. ఒకటి చావు. రెండోది విడాకులు. దేనికైనా కాగితం తేవాలట.

నేను విడమరిచి చెబితే గాని గంగమ్మత్తకు అర్థం కాలేదు. తర్వాత అడిగింది:

"రెండింట్ల ఏది జల్ది అయితది?"

సాహెబ్‌కు తెలుగు రాదు గనక బతికిపోయాడు.

చంద్రభాగ మాత్రం విడాకులకు పట్టుబట్టింది. తన మొగుడికి ఇంకొక పెళ్లాం ఉండటం, అది కంప్యూటర్‌లో ఉన్నా సరే, తనవల్ల కాదంది. పెంటప్ప కులపెద్ద లింగయ్య దగ్గరికి పోయి, పిన్నితో విడాకులు ఇప్పించమన్నాడు. లింగయ్య మామూలుగా ఏ తగువునైనా ఒక చాయ్ లోపల తేల్చేసే మనిషి. దీనికి మూడు చాయ్‌లు తాగాడు.

"పెండ్లే కాందే విడాకులెట్ల ఇయ్యాలెరా? విడాకులు గావాలంటే ముందుగాల పెండ్లి చెయ్యాలె. నీకు సమ్మతమేనా?"

పెంటప్ప చెప్పులు కూడా వేసుకోకుండా ఇంటికొచ్చాడు.

నేను మళ్లీ సాహెబ్ దగ్గరికి పోయాను. మళ్లీ పోయాను. నన్ను చూడగానే ఆయన టిఫిన్ డబ్బా మూసేసేవాడు. చివరికి విసిగిపోయి ఇంకొక దారి చెప్పాడు. చావూ వద్దు, విడాకులూ వద్దు. మొదట్లోనే మొగుడి పేరు తప్పు పడింది అని దిద్దుకోవచ్చు. అయితే ఆమె స్వయంగా వచ్చి, మెషీన్ ముందు నిలబడి, మొగుడి పేరు తన నోటితో చెప్పాలి.

"నేను చెప్తే నడవదా సాహెబ్?" అని నాకొచ్చిన మరాఠీలో అడిగాను.

"పోయినసారి పక్కవాడు చెప్పబట్టే కదా ఈ గోల. ఈసారి ఆమె తప్ప ఎవరు నోరు తెరిచినా నేను ఒప్పుకోను."

గంతులేస్తూ వచ్చి చెప్పాను. గంగమ్మత్త బీడీకి దారం చుడుతోంది. చుట్టడం ఆపలేదు.

"నేను జెప్ప."

"ఎందుకు?"

"ఎన్నడన్న చెప్పిన్నా?"

"ఆయుష్షు తగ్గుతదనా? ఆయన పోయి పదేండ్లు దాటింది అత్తా! ఇంకేం తగ్గుతది?"

"తగ్గుతదని కాదే." చేతిలో బీడీ చేటలో వేసింది. "పేరువెట్టి పిలిస్తే లేచొస్తడేమోనని. వస్తే మల్ల వండిపెట్టాలె."

నాకు నవ్వొచ్చింది, ఆమె మొహం చూసి ఆపుకున్నాను. వేళాకోళం ఆడటం లేదు. నేను ఈ వాడాకు కోడలిగా వచ్చేనాటికి ఆయన ఉన్నాడు, నాకు గుర్తే. మగ్గం మీద కూర్చునేది తక్కువ, పీట మీద కూర్చునేది ఎక్కువ. గిన్నె అడుగు కనబడేదాకా లేచేవాడు కాదు. లేచాక ఆ అడుగు గోకి, నీళ్లు పోసి తాగి, ఈమె చేటముందు కూర్చునేది. అలాంటి మొగుణ్ణి ఎవరు మాత్రం పిలుచుకుంటారు? నేనైనా పిలవను.

అలా ఇంకొక నెల పోయింది. ఆమె ఒకరోజు నీళ్ల బిందె ఎత్తబోయి, ఎత్తలేక, దాని పక్కనే కూర్చుండిపోయింది. వాడా జనం పోగయ్యారు. పెంటప్ప కూడా వచ్చాడు. వాడి మనసులో చెడ్డ లేదు, అది నేను ఒప్పుకుంటాను. కానీ కొందరి నోట్లోంచి మంచిమాట కూడా చెడ్డగానే వస్తుంది.

"ఇగ పంతం ఎందుకు చిన్నమ్మా? ఒక్క కార్డు మీదనే ఉన్నం. నా ఇంట్లనే తిను. నేను పెడ్త. ఏం జేస్తం, సర్కారే నా మెడకు కట్టింది."

గంగమ్మత్త లేచి నిలబడింది. బిందె ఎత్తలేని మనిషి ఎలా లేచిందో నాకు ఇప్పటికీ తెలియదు. పెంటప్ప వైపు చూడలేదు. నా చెయ్యి పట్టుకుంది.

"నడువ్."

"ఎటు?"

"నీ మిషిన్ కాడికి."

ఆఫీసు నిండా జనం. మగవాళ్లే ఎక్కువ. కంప్యూటర్ ముందు, అప్పుడు బడిలో కూర్చున్న ఆపరేటరే ఉన్నాడు, అప్పటిలాగే అద్దం వైపు చూస్తున్నాడు. సాహెబ్ నన్ను చూసి వేలు పెదవుల మీద పెట్టాడు, నువ్వు మాట్లాడకు అని. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

"నవరా కోణ్?"

గంగమ్మత్త పెదవులు కదిలాయి. గాలి తప్ప ఏమీ రాలేదు.

"మోఠ్యానే సాంగా." గట్టిగా చెప్పమన్నాడు.

మళ్లీ కదిలాయి. పక్కనున్న నాకే వినబడలేదు. వెనక క్యూలో ఎవడో "జల్దీ కరా, మావషీ" అని తొందరపెడుతూ విసుక్కున్నాడు. గంగమ్మత్త చెవులు ఎర్రబడ్డాయి. రెండు చేతులూ మేజా మీద ఆనించి, ఊపిరి పీల్చుకుని, సారా దుకాణం ముందు నిలబడి లోపలున్న మనిషిని పిలిచినట్టు అరిచింది.

"సిద్ధరాములూ!"

ఆఫీసంతా ఒక్కసారి ఇటు తిరిగింది. టైపు కొడుతున్న గుమాస్తా చేతులు ఆగిపోయాయి. ఆపరేటర్ మొట్టమొదటిసారి తలెత్తి మనిషి మొహం చూశాడు. గంగమ్మత్త మాత్రం తల తిప్పి తలుపు వైపు చూసింది. కాసేపు అలాగే చూసింది. ఎవరూ రాలేదు.

"ఇంటిపేరు?" అన్నాడు ఆపరేటర్. ఈసారి ఆమె అన్నీ చెప్పింది. మామ పేరు, ఇంటి నంబరు, అడగని బావగారి పేరు కూడా చెప్పింది. ఒకసారి నోరు తెరుచుకున్నాక ఆమెను ఆపడం నావల్ల కాలేదు. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుని, "గింతేనా?" అంది. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నేను ఏడుపుగొట్టు మనిషిని కాను.

కొత్త కార్డు రావడానికి నెల పట్టింది. ఆ నెల ఆమె నా రొట్టెలు తిన్నది, అప్పు అని చెప్పి తిన్నది. కార్డు వచ్చిందని అంబాదాస్ కబురు చేయగానే సంచులు పట్టుకుని పోయాం. అంబాదాస్ చదివాడు. ఈసారి కూడా కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"కుటుంబ ప్రముఖ్, సిద్ధరాములు. బాయ్కో, గంగమ్మ. మనుషులు ఇద్దరు. ఇద్దరి రేషన్."

మొగుడి పేరేమిటని అడిగారు గానీ, ఉన్నాడా పోయాడా అని ఎవరూ అడగలేదు. కంప్యూటర్‌లో ఆ ప్రశ్న ఉండకపోవచ్చు. కంప్యూటర్ అడగనిది ఆపరేటర్ అడగడు. ఇద్దరూ కలిసి పదేళ్ల కిందట పోయిన మనిషిని లేపి కుటుంబానికి పెద్దను చేశారు.

"సిద్ధరాములు పోయిండు గద గంగవ్వా?" అన్నాడు అంబాదాస్ మెల్లగా.

"కంప్యూటర్ తప్పు జెయ్యదని చెప్పింది నువ్వే గద?"

అంబాదాస్ ఆమె మెడలో పేగుల్లా తేలిన నరాలు చూశాడు. ఏమనుకున్నాడో, తక్కెడ తీశాడు. ఆ రోజు వేలు కూడా పెట్టలేదు. సంచి కట్టేటప్పుడు మాత్రం ఊరుకోలేక అడిగాడు.

"మరి ఇంటి పెద్ద ఏడి? సంచి మొయ్యనీకి రాలేదా?"

"ఇంట్ల పండిండు," అంది గంగమ్మత్త. "ఎన్నడన్న మోసిండా?"

మధ్యాహ్నం ఆమె పొయ్యి రెండోసారి పొగ వేసింది. అన్నం, పల్చటి పప్పు, ఎండుమిరపకాయల కారం. నేను గడప మీద కూర్చున్నాను, తింటుందా లేదా అని నా కళ్లతో నేను చూసుకోవాలని. ఆమె పళ్లెం నిండా పెట్టుకుంది. నిదానంగా తిన్నది, ఎవరూ పిలవరు, ఎవరూ అడగరు అన్నట్టు. పళ్లెం ఖాళీ అయ్యాక గిన్నెలోకి తొంగి చూసింది. ఇంకా సగం ఉంది.

నాకు నోరు ఊరుకోదు.

"అత్తా, అది మామ వాటా. కాకికన్న ఇంత తీసి పెట్టవా ఆయన పేరు మీద?"

"నా వాటంత తినుకుంట బతికిండే ఆయన," అంది గంగమ్మత్త. కోపంగా అనలేదు. "నేను అడుగుది గోక్కొని తాగిన. ఇప్పుడు ఆయనది నేను తింట."

అని గిన్నె దగ్గరికి లాక్కుని, రెండోసారి వడ్డించుకుంది.